ఫీజు లేని పంచాయితీ

కోర్టుకు పోతే ఎంతవుతుందో చెప్పేవాళ్లు సికింద్రాబాద్‌లో సందుకొకరు దొరుకుతారు. వకీలు ఫీజు, స్టాంపు ఖర్చు, వాయిదా వాయిదాకూ ఆటో కిరాయి, అన్నీ నోటిమీదే లెక్కగట్టి భయపెడతారు. ఇంటివాళ్లే కూర్చుని మాట్లాడుకుంటే ఎంతవుతుందో మాత్రం ఒక్కరూ చెప్పరు. అది నేను చెప్పగలను. ఆ ఖర్చు నా నెత్తినే పడింది మరి.

మూడేళ్ల కిందటి మాట. ఆ ఎండాకాలం నుంచి ఇప్పటిదాకా మా అన్న తిరుమల్ నా మొహం చూసి ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. తిట్టడం మా ఇంట్లో ప్రేమ కిందే లెక్క.

మా పుట్టిల్లు చిలకలగూడలో ఉంది. కింద రెండు అర్రలు, పైన రెండు అర్రలు, వీధి వైపు ఒక మలిగ. మా బాపు వీరయ్య రైల్వే నౌకరీ చేస్తూ కట్టిన ఇల్లు. కింద అన్న, పైన మా తమ్ముడు వేణుమాధవ్ కాపురముంటారు. మలిగలో అన్న పిండిగిర్ని నడుపుతాడు. పొద్దున్నే గిర్ని బెల్టు తిరిగే చప్పుడు, స్టేషన్ వైపు నుంచి రైలు కూత, వేడి జొన్నపిండి వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు పుట్టిల్లు. పెళ్లయి బోయిన్‌పల్లికి వచ్చి ఇంతకాలమైనా, ఎక్కడైనా గిర్ని ముందు నుంచి పోతే నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి.

ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందంటారు మా దగ్గర. అమ్మవారికే తప్పనిది నాకు తప్పుతుందా? సికింద్రాబాద్ లష్కర్ బోనాలనాడు నేను చిలకలగూడలో ఉండాల్సిందే. మా ఇంట్లో బోనం వండేది కోడళ్లు, నెత్తికెత్తుకునేదీ కోడళ్లే. కానీ కుండ మీద దీపం ముట్టించేది మాత్రం ఇంటి ఆడబిడ్డ. ఆమె చేత్తో దీపం వెలగనిదే బోనం గడప దాటదు. మా మేనత్త తర్వాత ఆ పని నాకొచ్చింది. ఓణీలేసుకున్నప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. అగ్గిపుల్ల గీస్తుంటే మా బాపు పక్కన నిలబడి గాలికి చేతులడ్డం పెట్టేవాడు. ఆ చేతులు కాలంతో పాటు సన్నబడటం కూడా నేను దగ్గరి నుంచి చూశాను.

బాపు పోయిన మరుసటి ఎండాకాలం, మార్కెట్ నుంచి వచ్చిన బెండకాయలు, టమాటాలు సంచీలో వేసుకుని పుట్టింటికి పోయాను. మా ఆయన సదాశివకు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో కమీషన్ వ్యాపారం. ఉత్త చేతులతో పోవడం మాకు అలవాటు లేదు. గేటు దగ్గరే మా వదినె కల్పలత ఎదురైంది. పక్కింటి నుంచి రెండు చేతులతో రెండు బకెట్ల నీళ్లు మోసుకొస్తోంది.

"గిదేంది వదినె? మోటార్ ఖరాబైందా?"

"మోటార్ మంచిగనే ఉంది సుమిత్రా. మొగోళ్లే ఖరాబైండ్రు."

వాకిట్లో మోటార్ స్విచ్‌కు రేకు డబ్బా ఒకటుంటుంది. దానికి రెండు తాళాలు వేలాడుతున్నాయి. పెద్దది అన్నది, చిన్నది తమ్ముడిది. కరెంటు మీటర్ నాది కాబట్టి నన్నడగకుండా మోటార్ వేయొద్దని అన్న తాళం వేశాడట. మోటార్ కొన్నది నేనైతే తాళం నువ్వెట్ల వేస్తావని తమ్ముడు దాని పక్కనే ఇంకోటి బిగించాడట. ఇద్దరూ తీస్తే గాని డబ్బా తెరుచుకోదు. ఇద్దరిలో ఎవరూ ముందు తీయరు. ఏప్రిల్ ఎండలో నిండా నీళ్లున్న బోరు ఇంట్లో పెట్టుకుని, ఇద్దరూ క్యాన్ నీళ్లు కొనుక్కుని తాగుతున్నారు. ఇట్లాంటి తెలివి ఇంకే ఇంట్లోనైనా ఉంటుందా?

పైనుంచి మా తమ్ముడి భార్య హిమజ మెట్లు దిగొచ్చి వదినె చేతిలోంచి ఒక బకెట్ అందుకుంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ లోపలికి పోయారు. నాకు నోరు తెరుచుకుపోయింది.

"మేం మంచిగనే ఉన్నం వదినె," అంది హిమజ. "వాళ్ల ముంగట మాత్రం మాట్లాడుకోం. మాట్లాడితే ఇద్దరికీ తక్లీఫ్ అయితది."

అసలు లొల్లి నీళ్లది కాదు. ఒక బిల్డర్ వచ్చి, ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతాను, అన్నదమ్ములిద్దరికీ చెరో ఫ్లాట్ ఇస్తాను అన్నాడు. తమ్ముడు ఎగిరి గంతేశాడు. వాడు మందుల కంపెనీలో నౌకరీ చేస్తాడు, లిఫ్టున్న ఇల్లు వాడి కల. అన్న ససేమిరా అన్నాడు. నేను గిర్నిలోకి పోయి అడిగితే, మిషన్ ఆపి, కనుబొమ్మల మీద తెల్లటి పిండి తుడుచుకుంటూ కస్సుమన్నాడు.

"నా గిర్ని ఏడ వెట్టాలె చెల్లె? మూడో అంతస్తులనా? జొన్నలు లిఫ్టుల తెస్తరా?"

"తమ్మునికి మంచిగ చెప్పొచ్చు కదనే."

"చెప్పేది ఏంది? వాడు వకీలుతోని నోటీసు ఇప్పిచ్చిండు. పంపకాల కేసేస్తడంట. బాపు మొన్న పోయిండు, వీడు ఇయ్యాల కోర్టుకు పోతడు. నీకు సుత వచ్చి ఉంటది సూడు."

వచ్చింది. బాపు వీలునామా రాయలేదు, కాబట్టి వారసుల్లో నా పేరు కూడా ఉంది. మా ఆయన ఆ నోటీసును మడిచి దేవుడి పటం వెనక పెట్టాడు. నాకు మాత్రం రాత్రింబవళ్లు ఒకటే దిగులు. కేసు పడితే ఇల్లు ఏళ్లకేళ్లు తాళం వేసుకునో, ఆఖరికి అమ్ముడుపోయో పోతుంది. ఎటు తిరిగినా ఆ గడప నాకు లేనట్టే. ఆషాఢంలో నేనెక్కడికి పోవాలి?

మొదట ఇంట్లోనే పెద్దమనుషులను కూర్చోబెట్టాం. ఒక్కో పెద్దమనిషి వెంట ఇంకో పెద్దమనిషి వచ్చాడు. టెంటు హౌస్ నుంచి కుర్చీలు తెప్పించాం. కోడికూర, బగారన్నం వండి పెట్టాం. వాళ్లు తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, ఎండల గురించి, ఎలక్షన్ల గురించి మాట్లాడారు, పొద్దుగూకే వేళకు "అన్నదమ్ములన్నంక కలిసుండాలె" అని తీర్పు చెప్పి వెళ్లిపోయారు. ఆ ముక్క మాకు తెలియకనా ఇంతమందికి కోడికూర పెట్టింది? వాళ్లు పోయాక టెంటు హౌస్ కుర్చీలకు కిరాయి ఎవరివ్వాలని మళ్లీ ఇద్దరూ తగువుపడ్డారు.

ఆరోజు ఒక మూల కూర్చుని ఏమీ మాట్లాడనిది పక్కింటి పద్మనాభం గారొక్కరే. గోదావరి వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా మా పక్కనే ఉంటున్నారు. వదినె నీళ్లు తెచ్చుకునేది వాళ్లింటి నుంచే. ఖాళీ కుర్చీలు దొంతర పెడుతున్న నన్ను పిలిచారు.

"అమ్మాయ్ సుమిత్రా, ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడంటారు, విన్నావా?"

"విన్న సార్."

"నేను గెలిచానమ్మా. మా అన్నయ్య మీద. నడివయసులో వేసిన కేసు, జుట్టంతా నెరిశాక తేలింది. తీర్పు చేతికి రాగానే అంత సంతోషం పట్టలేక, ఎవరికైనా చెప్పుకోవాలి కదా, చిన్నప్పటి నుంచి అలవాటు... అన్నయ్యకి చెబుదామని వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లిపోయాను. అక్కడ గుర్తొచ్చింది, ఓడింది ఆయనే కదా అని."

ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కేసు వేయకముందే కోర్టు ఆవరణలో మధ్యవర్తి దగ్గర కూర్చోవచ్చని, దానికి ఫీజు కూడా ఉండదని ఆయనే చెప్పారు. ఫీజు లేదనగానే అన్న ఒప్పుకున్నాడు. అన్న ఒప్పుకున్నాడని తెలియగానే తమ్ముడికి అనుమానం వచ్చింది. "నువ్వు పోకుంటే సుత్తెతోని రెండు తాళాలు నేనే పలగ్గొడ్త" అని హిమజ అంటే గాని వాడు కదల్లేదు.

అదొక చిన్న గది. గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు క్యాలెండరు. మధ్యవర్తి పేరు రాజ్యం గారు. జరీ అంచు నేత చీర, గట్టిగా బిగించిన ముడి. చూడగానే లెక్కల టీచరమ్మలా అనిపించింది. వకీళ్లను బయటే ఉండమన్నారు. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఒప్పించనక్కర్లేదు, ఎవరేం అనుకుంటున్నారో చెబితే చాలు అన్నారు.

మా వాళ్లకు ఆమె దొరకడం మంచి వసతి అయిపోయింది.

"మేడం, గిర్ని చప్పుడుకు నా బిడ్డ సదువుకోలేకపోతున్నదని ఆయనకు జెర చెప్పండి," అనేవాడు తమ్ముడు.

"మేడం, గదే గిర్ని మీద ఆయన సదువుకున్నడని ఆయనకు చెప్పండి," అనేవాడు అన్న.

మధ్యలో చేతికందేంత దూరం. అయినా ప్రతి మాటా రాజ్యం గారి మీదుగా పోయి రావాల్సిందే. రెండు మూడు సార్లు పిలిచారు, అన్నిసార్లూ ఇదే తంతు. నేను ఒక పక్క కూర్చుని ఇద్దరి మొహాలూ చూసేదాన్ని. చిన్నప్పుడు ఒకే కంచంలో తినేవాళ్లు. తమ్ముడికి ఉల్లిగడ్డ గిట్టదని అన్న ఏరి తన వైపు పెట్టుకునేవాడు. ఇప్పుడు ఒకడు క్యాలెండరును, ఒకడు కిటికీని చూస్తూ మాట్లాడుతున్నారు.

మే నెల ఆఖర్న ఒక రోజు రాజ్యం గారు కాగితాల మీంచి తలెత్తి నా వైపు తిరిగారు.

"సుమిత్ర గారూ, మీరసలు నోరే విప్పలేదు. మీకేం కావాలమ్మా?"

నాకేం కావాలని నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. చెంగు సర్దుకుంటున్నాను. ఈలోగా అన్నా తమ్ముడూ ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు.

"ఆమెకేం వద్దు మేడం. సంతకం పెడ్తది."

అంతే. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మంట, అరికాలి నుంచి నెత్తికెక్కింది. టీలు అందియ్యడానికి, కుర్చీలు సర్దడానికి, వీళ్లిద్దరి నడుమ తిరిగి కాళ్లు అరగదీసుకోవడానికి నేను. ఆఖరికి ఒక చీర, ఇంత పసుపు కుంకుమ చేతిలో పెడితే వేలిముద్ర వేసిపోవడానికీ నేనేనా?

"నాకు మూడో వంతు కావాలె," అన్నాను.

అన్న మెల్లగా మెడ తిప్పాడు. నా వైపు కాదు, తమ్ముడి వైపు.

"విన్నవారా?" అన్నాడు.

"విన్ననే అన్నా," అన్నాడు తమ్ముడు.

రాజ్యం గారు కలం కింద పెట్టారు. ఆమెకూ వినబడింది. ఉగాదికి ముందు నుంచీ ఇప్పటిదాకా ఆ ఇద్దరూ తగువు లేకుండా నేరుగా అనుకున్న మొదటి మాట అది.

ఆమె వాళ్లను కాసేపు బయట కూర్చోమని, నాతో ఒంటరిగా మాట్లాడాలన్నారు. తలుపు మూశాక నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపారు.

"కోపంతో అన్నారా, నిజంగా కావాలా?"

"కోపంతోనే అన్న మేడం."

"పోనీ, వెనక్కి తీసుకుంటారా? ఇక్కడ అన్నమాటకి బలవంతం లేదు."

తీసుకుంటానని నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీలోంచి చూశాను. ఎదురుగా టీ బండి. అన్నా తమ్ముడూ దాని ముందు నిలబడ్డారు. అన్న చెయ్యెత్తి ఏదో చెప్పాడు. టీ అతను ఒక టీని రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. వన్ బై టూ. గిర్నికి సెలవున్న రోజు వాళ్లిద్దరూ స్టేషన్ రోడ్డులో తాగేది ఎప్పుడూ అట్లాగే. తమ్ముడు నెత్తి కొట్టుకుంటూ చెబుతున్నాడు, అన్న వాడి భుజం మీద చెయ్యి వేసి వింటున్నాడు. ఖచ్చితంగా నన్నే తిడుతున్నారు. ఎంత హాయిగా, ఎంత కలిసిపోయి తిడుతున్నారని!

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనా, దుఃఖంతోనా అంటే నాకే తెలియదు.

"తీసుకోను మేడం," అన్నాను. "రాసుకోండి. మూడో వంతు."

రాజ్యం గారు కూడా కిటికీలోంచి చూశారు.

"మా దగ్గర ఫీజు లేదు సుమిత్ర గారూ. కానీ ఖర్చు లేదని నేను ఎవరికీ చెప్పను. మీరు దేన్ని పోగొట్టుకుంటారో ఆలోచించుకునే అంటున్నారా?"

"ఇల్లుంటే కదా మేడం, పోగొట్టుకునేటందుకు. ముందుగాల అది నిలవడనియ్యండి."

తర్వాతి వాయిదాకు ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు. చెప్పాల్సింది అన్నే చెప్పాడు, తమ్ముడు పక్కన తలూపాడు. బిల్డర్ ఇస్తానన్నది రెండు ఫ్లాట్లు, రెండింటిని ముగ్గురికి ఎట్లా పంచుతారు? అందుకని ఇల్లు ఏ బిల్డర్‌కూ ఇవ్వరు. గిర్ని చప్పుడు వినబడకుండా మలిగకు లోపలి వైపు గోడ కట్టిస్తారు. నా వాటాకు సర్కారు రేటు కట్టి, ఇద్దరూ కలిసి మెల్లమెల్లగా తీరుస్తారు. "మేమిద్దరం" అన్న మాట ఎన్నిసార్లు అన్నాడో. నేను దేనికీ బేరం పెట్టలేదు. సరేనన్నాను.

సంతకాలయ్యాక అన్న లేచి నిలబడ్డాడు.

"మేడం, గిది సుత రాసుకోండ్రి. వాటా తీసుకున్న ఆడబిడ్డకు పుట్టింట్ల పీట ఉండది."

"అలాంటివి ఇక్కడ రాయమండీ," అన్నారు రాజ్యం గారు.

"రాయకున్నా ఉండది," అని బయటికి పోయాడు. తమ్ముడు నా వైపు ఒకసారి చూసి, తలదించుకుని అన్న వెనకే నడిచాడు.

ఇంటికొచ్చి మా ఆయన ముందు బావురుమన్నాను. ఆయన మార్కెట్ నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. అంతా విని, తుండు భుజాన వేసుకుని నెమ్మదిగా అన్నాడు.

"గిది మా మార్కెట్ల రోజూ అయ్యేదే సుమిత్రా. ఇద్దరు ఏజెంట్లు పొద్దుగాల నుంచి అమ్మనా బూతులు తిట్టుకుంటరు. బయటోడు ఒకడొచ్చి ధర తగ్గియ్యమన్నడనుకో, ఇద్దరు ఒక్కటైతరు."

"అంటే నేను బయటిదాన్నయిన్నా?"

"మరి వాళ్లను ఒక్కటి చెయ్యాలంటే ఎవరో ఒకరు కావాలె గదా," అన్నాడు. కాళ్లు తుడుచుకుంటూ, "నీకు నేనున్న గని, అన్నం పెట్టు ముందు," అన్నాడు. ఈ మనిషికి ఓదార్చడం ఎప్పుడూ చేతకాదు. ఆరోజు మాత్రం కొంచెం చేతనైంది.

జూన్‌లో వానలు పడ్డాయి. ఆషాఢం వచ్చింది. గోల్కొండ బోనాలు షురూ అయ్యాయి, ఇక మా లష్కర్ బోనాలు దగ్గరపడ్డాయి. ఏటా ఈపాటికి తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, శనివారమే రా, బావను సుత తీస్కరా" అనేవాడు. ఆ ఏడు ఫోన్ మోగినప్పుడల్లా తడి చేతులతోనే పరిగెత్తాను. లోన్ కావాలా అని అడిగేవాళ్లు తప్ప ఎవరూ చేయలేదు.

పండగ ముందురోజు వదినె ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"మోటార్‌కు తాళాలు తీసిండ్రు సుమిత్రా. ఇప్పుడు ఇద్దరు పోటీలు పడి నీళ్లు వడ్తున్నరు. వాకిలంత బురద."

"మంచిదే వదినె."

"మీ అన్న నీ పేరెత్తుతలేడు. నేను రమ్మని అనలేను, ఏమనుకోకు." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "రేపు ఎండ ఎక్కకముందే బోనం వెళ్తది. చౌరస్తాల మందుల దుకాణం ఉంది సూడు, దాని అరుగు మీద జెర నీడుంటది. ఊకనే చెప్తున్న."

తెల్లవారి లేచి తలస్నానం చేశాను. కిందటేడు వదినె పెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. మా ఆయన ఎక్కడికని అడగలేదు, బండి తీసి చిలకలగూడ చౌరస్తాలో దింపాడు. చేతిలో ఇత్తడి చెంబు, అందులో పసుపు నీళ్లు, వేపాకు. బోనమెత్తిన ఆడవాళ్ల కాళ్ల మీద దారిలో ఎవరైనా నీళ్లు పోయొచ్చు. దానికి చుట్టరికం అక్కర్లేదు. దారినపోయే దానిలా నీళ్లు పోసి పోదామనే వచ్చాను. దుకాణం షట్టర్ సగం దించి ఉంది. ఆ అరుగు మీద నిలబడి, వచ్చే ప్రతి బోనానికీ మెడ చాచి చూశాను. పసుపు, వేపాకు, సాంబ్రాణి కలిసిన వాసన. ఎవరిదో పిల్ల నా కొంగు తొక్కి పోయింది. నా పుట్టింటి సందు అక్కడికి పిలుపు దూరంలో ఉంది, నేను మాత్రం పరాయి అరుగు మీద ఉన్నాను.

డప్పులు దగ్గరపడ్డాయి. ముందు హిమజ, నెత్తి మీద మా ఇంటి బోనం. వెనక వదినె. అటు పక్క అన్న, ఇటు పక్క తమ్ముడు, చేతుల్లో వేపమండలు పట్టుకుని "జరగండ్రి, జరగండ్రి" అని జనాన్ని పక్కకు తప్పిస్తున్నారు. ఇద్దరూ ఒకే రంగు చొక్కాలు. చిన్నప్పుడు బాపు ఒకే తానులోంచి ఇద్దరికీ కుట్టించేవాడు. నా కళ్లు మసకబారాయి. చెంగుతో తుడుచుకుని మళ్లీ చూస్తే, కుండ మీద ప్రమిద ఉంది గాని అందులో దీపం లేదు.

నా ఒళ్లు భగ్గుమంది. నా మీద కోపముంటే నా మీద చూపించాలి, అమ్మవారి మీద చూపిస్తారా? దీపం లేకుండా గడప దాటించారా? చెంబు పట్టుకుని అరుగు దిగాను. ఎవరేమన్నా సరే కడిగేద్దామనుకున్నాను.

హిమజ నేరుగా నా ముందుకొచ్చి ఆగింది. డప్పులు ఆగాయి.

"దీపమేదే?" అన్నాను.

"నేను ముట్టియ్యనన్న. అక్క సుత ముట్టియ్యనన్నది. గది మా పని కాదంటిమి." మెడ తిప్పలేక కళ్లు మాత్రం తిప్పింది. "జెర జల్దీ వదినె. మెడ గుంజుతున్నది."

వదినె ఆకాశం వైపు చూస్తోంది. అన్న మందుల దుకాణం బోర్డు చదువుతున్నాడు. చదువుతూనే చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక అగ్గిపెట్టె తీశాడు. మా అన్న బీడీ తాగడు, సిగరెట్ తాగడు. ఆ అగ్గిపెట్టె కొత్తది. దాన్ని నాకివ్వలేదు. ఇటు పక్కకు చాచి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"మీ అక్కకియ్యి. గాలొస్తున్నది, జల్దీ ముట్టియ్యమను."

తమ్ముడు నా చేతిలో పెట్టాడు. హిమజ మోకాళ్లు వంచింది. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోదీ ఆరిపోయింది. మూడోది గీస్తుంటే ఉన్నట్టుండి గాలి ఆగింది. తలెత్తి చూశాను. అన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మొహం అటే ఉంది, రెండు చేతులూ మాత్రం ప్రమిద చుట్టూ అడ్డం పెట్టి ఉన్నాయి. గోళ్ల సందుల్లో పిండి. అచ్చం బాపు చేతులే.

ఒత్తి అంటుకుంది.

హిమజ కాళ్ల మీద నీళ్లు పోసి దండం పెట్టుకున్నాను. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. అన్న నాలుగడుగులు వేసి ఆగాడు.

"ముంగట రష్ ఉంటది," అన్నాడు తమ్ముడితో. "పక్కపొంటి నడువుమను మీ అక్కను."

"మీ అన్నకు చెప్పురా," అన్నాను నేను, "ఈ తోవ నాకు తెలుసని."

తమ్ముడు అటు తిరిగి చెప్పాడు. అన్న తలూపాడు. నేను ఖాళీ చెంబు చంకన పెట్టుకుని వాళ్ల పక్కనే గుడి వైపు నడిచాను.